ఛాయ్‌కి ఎత్తిన చేతులు

నేను చాలా ఏళ్లుగా శిక్షణ తరగతుల్లో చెబుతూ వస్తున్న కథ ఒకటుంది. సూరత్‌లో నేను పెరిగిన నవాగామ్ గల్లీ జనం గుండ్రంగా కూర్చుని, ఒకరి మాట ఒకరు విని, మునిసిపాలిటీ నల్లా నీళ్లు ఏ వేళకు రావాలో తమంతట తామే తేల్చుకున్న కథ. ఏదైనా నిర్ణయం తీసుకునే ముందు జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడం, అలా మాట్లాడించేవాళ్లను తయారు చేయడం నా వృత్తి కాబట్టి ఆ కథ నాకు బాగా అక్కరకొచ్చింది. చివర్లో తెర మీద ఒక ఫోటో వేస్తాను. అందులో స్కూలు వరండాలో మగ్గాల పనివాళ్లంతా చేతులెత్తి, మొహం నిండా నవ్వుతో ఉంటారు. "అడిగితే జనం చెబుతారు" అంటాను. చప్పట్లు పడతాయి. ఆ కథలో నేను చెప్పకుండా వదిలేసినది ఒక్కటే. ఆ చేతులు నీళ్ల కోసం లేచినవి కావు, ఛాయ్ కోసం లేచినవి. లేపినవాణ్ని నేను.

ఇన్నాళ్లూ లేని పట్టింపు ఇప్పుడెందుకు వచ్చిందంటే ఒక అమ్మాయి వల్ల. మొన్నామధ్య ఒక తరగతిలో వెనక వరస నుంచి లేచి, "సార్, మీటింగు నడిపే మేడమ్ ఎదురుగా ఉంది కదా, మరి వీళ్లంతా పక్కకు తిరిగి ఎవరిని చూస్తున్నారు?" అని అడిగింది. ఆ ఫోటోను ఎన్ని హాళ్లలో, ఎంతమంది ఆఫీసర్ల ముందు వేశానో నాకే గుర్తులేదు. ఒక్కరూ ఆ మాట అడగలేదు. పక్కన, ఫోటో అంచుకు అవతల, ఉన్నది నేను. నా వెనక ఛాయ్ కెటిల్. "ఇంకో ఫోటోగ్రాఫర్ ఉన్నాడమ్మా" అన్నాను. ఆమె బుద్ధిగా రాసుకుంది. నేను పుట్టించిన అబద్ధం ఇంకో తరానికి అందడం కళ్లారా చూశాక, ఆ పూట క్యాంటీన్ భోజనం గొంతు దిగలేదు. అది ఎప్పుడూ దిగదు గానీ, ఆ రోజు కారణం వేరు.

మాది ఒక్క గది ఇల్లు. బాపు, అంటే మా నాన్న, గల్లీలో చాలామందిలాగే తెలుగు ఊరు వదిలి వలస వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేసేవాడు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. గదిలో ఒక మూల పొయ్యి, ఇంకో మూల పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము. ఆ డ్రమ్ము పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లు నుంచి వచ్చింది. అవ్వ దాన్ని ఇటుక పొడి వేసి తోమింది, చింతపండు వేసి తోమింది, చివరికి తిట్లు వేసి తోమింది. అయినా అందులో పోసిన నీళ్లు లేత గులాబీ రంగు తిరిగేవి. తాగే నీళ్లకు ఇత్తడి బిందె వేరే ఉండేది, కానీ స్నానాలన్నీ ఆ డ్రమ్ములోవే. చిన్నప్పుడు నేను ఎర్రగా ఉండేవాణ్నని అవ్వ చెబితే నాకు నమ్మకం కుదరకపోవడానికి అదే కారణం. గాలి పాండేసర వైపు నుంచి వీస్తే రంగుల మందు ఘాటు, కార్ఖానాల వైపు నుంచి వీస్తే మగ్గాలకు పోసే నూనె వాసన వచ్చేవి. గాలి అసలు లేకపోతే పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మ శెనగపిండిలో వాము నలిపి వేస్తున్న వాసన వచ్చేది. ఆ మూడింటిలో నాకు ఏది ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు.

బాపు ఇంటికొచ్చాక కూడా సగం మాటలు చేతులతోనే మాట్లాడేవాడు. మగ్గాలు నడుస్తున్న షెడ్డులో పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని వాళ్లు చేతులతో ఒక భాష చేసుకున్నారు. రెండు వేళ్లు కత్తెరలా తెరిస్తే పోగు తెగిందని. లేని మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని. బొటనవేలు కింది పెదవికి ఆనించి తల కాస్త వెనక్కి వంచితే ఛాయ్. ఆ వెంటనే కనుబొమలు ఎగరేస్తే, ఎవరెవరికి కావాలని అడిగినట్టు. కావాలన్నవాడు చెయ్యెత్తాలి. అన్నం ముందు కూర్చుని బాపు వేళ్లతో ఉప్పు అడిగితే అవ్వకు ఒళ్లు మండేది. "నోరు కార్ఖానల మర్శిపోయి వచ్చినవా ఏంది" అనేది. మా గల్లీ పిల్లలకు ఆ భాష మాటలతో పాటే వచ్చేసింది. పరీక్ష హాల్లో దాన్ని మించిన భాష లేదు.

ఆ చప్పుడులో ఏళ్ల తరబడి నిలబడితే చెవులు మిగలవు. మిగలలేదని మాత్రం ఎవరూ ఒప్పుకునేవారు కాదు. మగ్గం ఎక్కడ తప్పు నడుస్తున్నదో చప్పుడును బట్టే పట్టుకోవాలి. చెవి మందగించిందని తెలిస్తే సేఠ్ మగ్గాల మీద నుంచి తీసేసి మూటలు మోయడానికి పంపుతాడని భయం. అందుకే మా గల్లీ మగవాళ్లు ఎవరేమన్నా "అవ్ అవ్" అని తలూపేవారు. పిల్లలకు అది మంచి ఆట. "కాకా, డ్యూటీ లేదా?" అంటే అవ్ అవ్. "కాకా, నీ లుంగీకి నిప్పంటుకుంది" అంటే అవ్ అవ్. లచ్చవ్వ చిన్నమ్మ భర్త ఓదెలు కాక ఈ ఆటకు అందరికన్నా బాగా దొరికేవాడు. ఆయన అవ్ అంటే ఊరికే అన్నట్టుండదు, ఆలోచించి తీర్పు చెప్పినట్టుంటుంది. ఇంట్లోవాళ్లకు సంగతి తెలియదా అంటే తెలుసు. కానీ ఏ భార్యా మొగుడికి చెవుడని బయట అనేది కాదు. బాపు ముందు అవ్వ కూడా "ఇనలేదా?" అనేదే తప్ప "ఇనవడలేదా?" అని ఒక్కనాడూ అనలేదు.

ఇక నా బాధ ఏమిటంటే నల్లా. అది తెల్లవారకముందే వచ్చేది. అవ్వకు నడుము నొప్పి. బాపుకు డ్యూటీ రాత్రి పాళీ అయితే ఇంట్లో ఉండడు, పగటి పాళీ అయితే ఆయన నిద్ర చెడగొట్టకూడదు. మిగిలింది నేను. అప్పటికి కాలేజీలో చేరాను, అంత చదువు చదివేవాడికి అంత నిద్ర కావాలని నా వాదన. అవ్వ వాదించేది కాదు, దుప్పటి లాగేది. అప్పటికీ లేవకపోతే గులాబీ నీళ్లు మొహాన చల్లేది. నల్లా దగ్గర బిందెల వరసలో అందరూ ఆడవాళ్లే, మీసాలొచ్చినవాణ్ని నేనొక్కణ్నే. "శంకర్ బాబు లేశిండు, ఇగ సూర్యుడు రావచ్చు" అనేది లచ్చవ్వ చిన్నమ్మ. రోజూ అదే మాట. రోజూ అందరూ కొత్తగా విన్నట్టు నవ్వేవారు.

చిన్నమ్మకు మిర్చి బజ్జీల బండి ఉండేది. మధ్యాహ్నం నుంచి మిరపకాయలు చీరి గింజ తీసి, చింతపండు గుజ్జు కూరి వరసగా పేర్చుకునేది. సాయంత్రం పాళీ మారే వేళకు కార్ఖానాల గేటు దగ్గర ఆమె బాణలిలో నూనె కాగుతూ ఉండాలి. లోపలికి పోయేవాళ్లు, బయటికి వచ్చేవాళ్లు అక్కడ కలిసేది కాసేపే. ఆ కాసేపు దాటితే గేటు ముందు కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. బండి పెట్టకముందు చిన్నమ్మ నలుగురిలో నోరు విప్పే మనిషి కాదని అవ్వ చెప్పేది. బండి పెట్టాక ఆమె మాటే కాదు, నడక కూడా మారింది. అంతవరకు ఆమె ఓదెలు భార్య, ఆ తర్వాత ఆయన బజ్జీల లచ్చవ్వ మొగుడు. ఆయనకూ అది బాగానే ఉండేది. పాళీ దిగి వచ్చి, ముక్కూమొహం తెలియని గిరాకీలాగా వరసలో నిలబడి పొట్లం అడిగేవాడు. ఆమె కూడా తెలియనట్టే "ఎన్ని గావాలె?" అని అడిగేది. వాళ్ల కాపురంలో ఉన్న సరసమంతా ఆ బండి దగ్గరే జరిగేదని ఇప్పుడు అనిపిస్తుంది.

అలాంటప్పుడు హేతల్‌బెన్ వచ్చింది. గుజరాతీ ఆమె, మునిసిపాలిటీ తరఫున జనాభిప్రాయం తెలుసుకునే ఒక సంస్థలో పని. మా వైపు కొత్త ట్యాంకు కట్టారు కాబట్టి నీళ్ల వేళ మార్చే వీలు వచ్చింది. తెల్లవారుజామునే ఉంచాలా, సాయంత్రానికి మార్చాలా అని జనాన్నే అడిగి చెప్పమన్నారట. గల్లీలో తెలుగు, హిందీ, గుజరాతీ మూడూ వచ్చినవాణ్ని కాబట్టి నన్ను తోడు పెట్టుకుంది. ఆమె ఎవరి మాటనూ మధ్యలో తుంచేది కాదు. మా అవ్వ నడుము నొప్పి చరిత్ర మొత్తం, తనకు రాని భాషలో, చెంప కింద చెయ్యి పెట్టుకుని విన్నది. అంత ఓపికను నేను అంతకుముందు చూడలేదు, నిజం చెప్పాలంటే ఆ తర్వాత నాలో కూడా చూడలేదు.

మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు ఆమె ఒక మెత్తటి బంతి తెచ్చింది. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. అది పెద్దవాళ్ల చేతికి చేరకముందే పిల్లలు పట్టుకుని డిండోలి వైపు పరిగెత్తారు. లచ్చవ్వ చిన్నమ్మ ఇంట్లోకి పోయి బజ్జీలు తీసే జల్లిగరిటె పట్టుకొచ్చింది. "ఇగో, దీన్ని పట్టుకోని ఎవ్వడు ఉరుకడు" అంది. హేతల్‌బెన్‌కు అది ఎంత నచ్చిందంటే అప్పటి నుంచి అన్ని మీటింగుల్లో గరిటే తిరిగింది. ఒక్కటే చిక్కొచ్చింది. మగవాళ్లు నలుగురిలో గరిటె పట్టుకోవడానికి సిగ్గుపడి, నిప్పుకణిక అంటినట్టు పక్కవాడికి అందించేసేవారు. దాంతో మాట్లాడింది ఆడవాళ్లే. వాళ్లలోనూ సగం మందికి పొద్దున, సగం మందికి సాయంత్రం బాగుంటుందన్నారు. చిన్నమ్మ గరిటెను కత్తిలా నిలబెట్టి పట్టుకుని చెప్పింది, "నల్లా సాయంత్రమొస్తె నేను బిందె కాడుండాల్నా, బండి కాడుండాల్నా? పొద్దున లేవనీకి బద్ధకమైతే మల్ల పండుకోండ్రి. నాకు ఆ యాళ్ల దాటిందంటె నా బజ్జీలు నేనే తినాలె." ఆ మాట హిందీలోకి ఉన్నదున్నట్టే చెప్పాను. అందులో బద్ధకం అన్నప్పుడు ఆమె నా వైపే చూసిందని మాత్రం చెప్పలేదు.

మగవాళ్లు అన్నింటికీ తలూపడం హేతల్‌బెన్ కనిపెట్టింది. నన్ను పక్కకు పిలిచి ఎందుకని అడిగితే, చెవుల సంగతి ఆమెకు గుట్టుగా చెప్పాను. చేతుల భాష గురించి కూడా చెప్పాను. ఆమె కళ్లు మెరిశాయి. చివరి రోజు నేను వరండా స్తంభం పక్కన, వెనక కూర్చునే మగవాళ్లకు కనపడేలా నిలబడి, తన ప్రశ్నలను చేతులతో వాళ్లకు చేర్చాలంది. "నీ సొంతం ఏదీ కలపకు శంకర్" అంది. "ఒక్క పోగు కూడా కలపను బెన్" అన్నాను. అన్నప్పుడే నా మనసులో ఆలోచన పుట్టింది. ఛాయ్ దుకాణం భయ్యా దగ్గరికి వెళ్లి, ఏ వేళకు కెటిల్ పట్టుకుని స్తంభం దగ్గరికి రావాలో చెప్పి వచ్చాను. అప్పటికప్పుడు చేతులు జారాయని అనుకునే వీలు నాకు లేదు. ఆ పొద్దున అవ్వ నా మొహాన నీళ్లు రెండుసార్లు చల్లింది, అంతకు మించిన కారణమూ లేదు.

కార్ఖానాలకు సెలవు రోజు అది. ఆడవాళ్లు ముందు, మగవాళ్లు వెనక కూర్చున్నారు. "పొద్దున్నే ఉండాలన్నవాళ్లు చేతులెత్తండి" అంది హేతల్‌బెన్. నేను మగవాళ్లకు అరచెయ్యి చూపించి ఆగమన్నాను. ఆడవాళ్లలో సగం చేతులు లేచాయి, చిన్నమ్మ చెయ్యి అన్నిటికన్నా పైకి. "సాయంత్రానికి మారాలన్నవాళ్లు?" అంది. నేను బొటనవేలు పెదవికి ఆనించి, తల వంచి, కనుబొమలు ఎగరేశాను. వెనక కెటిల్ పొగలు కక్కుతోంది. ఓదెలు కాక చెయ్యి అందరికన్నా ముందు లేచింది. తర్వాత మా బాపుది, తర్వాత వరసలు వరసలుగా అందరివీ. మాట్లాడని మనుషులు ఒక్కసారిగా నోరు తెరిచినట్టు హేతల్‌బెన్‌కు అనిపించింది, ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరో ఫోటో తీశారు. చిన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. మొగుడి చెయ్యి, ఆ చెయ్యి కింద నవ్వుతున్న మొహం చూసింది. గరిటె తీసుకుని లేచి వెళ్లిపోయింది. ఛాయ్ అందరికీ అందింది.

సాయంత్రం నల్లా మొదలయ్యాక చిన్నమ్మ కొన్నాళ్లు బిందెలు పక్కవాళ్లకు అప్పజెప్పి బండి తోసుకుపోయింది. పక్కవాళ్లకు విసుగొచ్చింది. తర్వాత నీళ్లు పట్టుకుని ఉరుకులు పరుగుల మీద వెళ్లేది, అప్పటికి గేటు ఖాళీ. వర్షాకాలం రాకముందే బండి ఇంటి గోడకు ఆనించేసింది, దాని మీద బట్టలారేశారు. ఇంట్లో కూర్చుని చీరల మీద మిగిలిన దారాలు కత్తిరించే పనికి కుదిరింది. ఓదెలు కాకను మాత్రం వదల్లేదు. గోడ అవతల నుంచి మాకు అన్నీ వినపడేవి.

"ఓ పెద్దమనిషీ, నీ నీళ్లొచ్చినయ్, లే. నీకే గద సాయంత్రం గావాల్సింది."

"అవ్ అవ్."

"పెండ్లాం నోటికాడి బువ్వ తీసెటందుకు మాత్రం అందరికన్న ముందు లేశింది నీ చెయ్యి."

"అవ్ అవ్."

ఆ మాటలు ఒక ఏడాదితో ఆగలేదు. నా సంగతి చెప్పాలంటే, నిద్ర దక్కింది గానీ సాయంత్రం పోయింది. దోస్తులు బ్యాటు భుజాన వేసుకుని పోతుంటే నేను బిందె భుజాన వేసుకుని వాళ్లకు ఎదురుపడేవాణ్ని. మూడు భాషల్లో వెక్కిరించారు.

ఒకరోజు అన్నం తింటూ బాపు నా వైపు చూశాడు. బొటనవేలు పెదవికి ఆనించాడు, కనుబొమలు ఎగరేశాడు. నేను తల దించుకున్నాను. ఆయన మళ్లీ అన్నం కలుపుకున్నాడు. అంతే, బతికినన్నాళ్లూ ఇంకో మాట లేదు. బాపుకు తెలిసిందంటే ఓదెలు కాకకూ, మిగతావాళ్లకూ తెలిసే ఉండాలి. తెలిసీ ఎవరూ నోరు విప్పలేదు, ఎందుకంటే తాను ఛాయ్‌కి చెయ్యెత్తానని చెప్పాలంటే, అక్కడ అడిగిన ప్రశ్న తనకు వినపడలేదని ముందు చెప్పుకోవాలి. అది సేఠ్ చెవిన పడితే బతుకు పోతుంది. పెళ్లాం తిట్లు పడితే బతుకు పోదు. నా ఆట అంతా ఆ లెక్క మీదే నడిచిందని నాకు అప్పుడే తెలుసు.

హేతల్‌బెన్ నన్ను తన సంస్థలో చేర్చుకుంది. అట్లా మొదలైన ఉద్యోగం ఈ రోజుకూ అన్నం పెడుతోంది. ఇప్పుడు జనాన్ని అడిగే పద్ధతులు చాలా వచ్చాయి. మేముండే సొసైటీలో లిఫ్టుకు ఏ రంగు వేయాలన్నా ఫోనులో ఓటింగు. జోల్వాలో ఒక వీధి దీపాల సంగతి మీద మొన్న వందలమంది బొటనవేలు బొమ్మ నొక్కారు. వాళ్లలో చదివి నొక్కినవాళ్లు ఎందరో నేను అడగలేదు, అడిగే మొహం నాకు లేదు. హేతల్‌బెన్ మాదిరిగా చెంప కింద చెయ్యి పెట్టుకుని ఒకరి నడుము నొప్పి మొత్తం వినే మీటింగు ఇప్పుడు ఎక్కడా జరగదు, మా కార్యక్రమంలో దానికి కేటాయించిన సమయం ఉండదు. అప్పటి పద్ధతి మంచిది. దానిలో దూరిన మనిషే మంచివాడు కాదు. ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత హేతల్‌బెన్‌కు ఫోన్ చేసి ముందు ఆమెకే చెప్పాను. ఎప్పటిలాగే మధ్యలో తుంచకుండా అంతా విన్నది. తర్వాత, "నాకు చెప్పడం తేలిక శంకర్. ఆ బజ్జీల ఆమెకు చెప్పావా?" అంది.

నవాగామ్ వెళ్లాను. చిన్నమ్మ వాళ్ల ఇల్లు ఇప్పుడు రెండు గదులు. నల్లా ఇంట్లోకే వచ్చింది, మోటారుంది. ఓదెలు కాక గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తలూపాడు. చిన్నమ్మ లోపల చీర ఒళ్లో వేసుకుని దారాలు కత్తిరిస్తోంది. ఆమె పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. కత్తెర ఆగిపోయింది.

"నిద్ర కోసమా?"

"అవ్ చిన్నమ్మా."

"నీ నిద్ర సల్లగుండ." నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. "బండి పోతె పోయింది రా. అన్నం పెట్టిన్నాడల్లా ఆయిన్ని నేనన్న మాటలు ఎవలు వాపస్ తీస్కోవాలె? నువ్వు తీస్కుంటవా?"

ఆమె కత్తెరతో గుమ్మం వైపు చూపించింది.

"నాకు చెప్పుడు గాదు. పో, ఆయినకు చెప్పు."

బయటికి వచ్చి కుర్చీ పక్కన గొంతుక్కూర్చున్నాను. చెప్పాల్సింది మెల్లగా చెప్పాను. ఓదెలు కాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నా జ్ఞాపకంలో ఎన్నడూ అనని మాట అన్నాడు.

"ఇనవడ్తలేదు బిడ్డా. చెవుడు గద. జర గట్టిగ చెప్పు."

ఆ చెయ్యి వెనక, చెవిలో, వేలిగోరంత వినికిడి మిషన్ కనపడింది. నర్సుగా పనిచేసే వాళ్ల కూతురు కొనిపెట్టిందని తర్వాత తెలిసింది. లోపల నేను గుసగుసగా చెప్పినదంతా ఆయన విన్నాడని ఆ కళ్లను చూస్తే అర్థమైంది. నేను మళ్లీ చెప్పాను, కాస్త గట్టిగా.

"ఏంది? ఛాయా?" అన్నాడు. "లేచి నిలవడి చెప్పు. గిట్ల కూసుంటె మాట పైకొస్తలేదు."

లేచి నిలబడ్డాను. గుమ్మంలోకి చిన్నమ్మ వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. ఎదురింటి ఒడియా అతను కిటికీ తెరిచి, ఏమైంది చాచా అని హిందీలో అడిగాడు. "వీడేందో చెప్తడట, అందరినీ పిలువు" అని కాక కూడా హిందీలోనే అన్నాడు. గుమ్మాల్లోకి జనం వచ్చారు. ఇన్నేళ్లుగా ఊళ్లు తిరిగి జనాన్ని పోగుచేసినవాణ్ని, అంత తొందరగా పోగైన జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. ఊపిరి గట్టిగా పీల్చుకుని, గల్లీ ఆ చివరి దాకా వినపడేలా అరిచాను.

"కాకా, ఆనాడు నువ్వు చెయ్యెత్తింది నీళ్లకు గాదు, ఛాయ్‌కి. నిన్ను మోసం జేసి ఎత్తిపిచ్చింది నేను. నా నిద్ర కోసం చిన్నమ్మ బండి బంద్ జేయించిన. ఆమె మాటలు నేను పడాల్సింది, ఇన్నేండ్లు నువ్వు పడ్డవు. తప్పు నాది. కాకా, మాఫ్ జెయ్యి. చిన్నమ్మా, మాఫ్ జెయ్యి."